ఎర్తు గొయ్యి

నాలుగోసారి పిలిచారు మండపేట అవతలి రైసు మిల్లుకి.
"మళ్ళీ చచ్చిందండీ" అంది కాటా గది గుమాస్తా నాగమల్లీశ్వరి
ఇంట్లో గేదె సంగతి చెప్పినట్టు.
లారీ కాటా మీదే ఉంది.
దాళ్వా బస్తాల మీద డ్రైవరు నిద్రపోతున్నాడు.
తెర మాత్రం నీలంగా వెలిగి
ఎవరికీ రాని భాషలో క్షమాపణ చెబుతోంది.

మొదటిసారి నేను తవుడుని అనుమానించాను.
మూత విప్పితే లోపల ఇంకో మిల్లు:
ఫ్యాను రెక్కలకి తవుడు, హీట్‌సింకు సందుల్లో ఊక,
మూలన బల్లిగుడ్డు పెంకు ఒకటి.
బ్లోయరుతో ఊదితే గదంతా మబ్బు.
ఎండి సున్నమైపోయిన పాత పేస్టు గీకేసి
కొత్తది బఠాణీ గింజంత పెట్టాను.
వేడి ఎనభై నుంచి యాభైకి దిగింది.
గొప్పవాణ్ణనుకుంటూ టీ తాగాను.
మూడో రోజున ఫోను.

రెండోసారి ర్యాము.
దాని బంగారు పళ్ళు తోమడానికి
నాగమల్లీశ్వరి కూతురి కంపాసు పెట్టెలోంచి రబ్బరు దొరికింది,
మామిడిపండు వాసనది.
రాత్రంతా పరీక్ష పెట్టి మిల్లులోనే పడుకున్నాను.
దోమలు నాకు పెట్టాయి.
తెల్లారేసరికి, తప్పులు: సున్నా.
సున్నా చూసి అంత దిగులు పడ్డది
లెక్కల పేపరు నాడు కూడా లేదు.

మూడోసారి పవర్ సప్లై.
పాతదాంట్లో కెపాసిటర్లు రెండు
పూరీల్లా పొంగి ఉన్నాయి.
దొరికాడు దొంగ, అన్నాను.
ఓనరు పద్దెనిమిది వందలూ రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.
వాడు దొంగ అన్నమాట నిజమే.
ఈ దొంగతనం వాడిది కాదు.

నాకు పని నేర్పిన కరీముల్లా గారు రేడియోల మనిషి.
"విప్పేముందు అడగరా" అనేవారు,
"యంత్రాన్ని కాదు, దాని పక్కన కూర్చునేవాళ్ళని."
ఇరవై ఏళ్ళయింది.
చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే
నోరున్న సంగతి గుర్తురాదు.

ఈసారి మూత ముట్టుకోలేదు.
ఎప్పుడెప్పుడు ఆగిందమ్మా, అన్నాను.
తూకం చీటీలు తిరగేసి కుట్టుకున్న పుస్తకం తీసిందామె.
ఫిబ్రవరి, ఖాళీ. మార్చి, ఖాళీ.
ఏప్రిల్ పంతొమ్మిది, మధ్యాహ్నం రెండుంబావు.
ఇరవై మూడు, పదకొండున్నర.
మేలో రోజుకి రెండు, రోజుకి మూడు.
పక్కన చీమల్లాంటి అక్షరాలు:
కీబోర్డు జిల్లుమంది.
పెట్టె ముట్టుకుంటే చురుక్కుమంది.
చెప్పులు విప్పితే ఎక్కువ.

"ఇదంతా చెప్పలేదేం?"
"మీరడగలేదు కదండీ."

ఏప్రిల్లో ఏమైంది, ఏమైంది అనుకుంటూ
కిటికీలోంచి చూశాను.
కాలువ కట్టేశారు.
అడుగున బీటలు, ఒంటి చెప్పు,
మూడు పుల్లలు పాతి పిల్లలు క్రికెట్టాడుతున్నారు.

మిల్లు వెనక గోడవారన ఎర్తు గొయ్యి.
కట్టిన రోజుల్లో బొగ్గూ ఉప్పూ పోసి రాగి రేకు పాతారట,
కాలువ పక్కనే ఉందిగా, తడికేం లోటని
మళ్ళీ ఎవరూ అటు చూళ్ళేదు.
న్యూట్రలుకీ ఎర్తుకీ మధ్య మీటరు పెట్టాను:
ముప్పై ఎనిమిది వోల్టులు.
పొట్టు మోటారు తిరగ్గానే యాభై.
అంత గోదారిని వెనకేసుకుని
గుక్కెడు తడి లేక పోయింది ఈ పెట్టె ప్రాణం.

ఉప్పు నాలుగు కేజీలు, బోరింగు నీళ్ళు ఆరు బిందెలు.
మట్టి బుడబుడమంటూ చాలాసేపు తాగింది.
అంకె దిగి దిగి
రెండు దగ్గర కూర్చుంది.

బిల్లులో ఏం రాయను?
నీళ్ళు అని రాస్తే ఓనరు నవ్వుతాడు.
ఎర్తింగు సర్వీసు, నూట యాభై, అని రాశాను.
పద్దెనిమిది వందల మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తూకం చీటీ గిర్రున వచ్చింది. డ్రైవర్ని లేపారు.
కాలువ వదిలేదాకా వారానికి రెండు బిందెలు పొయ్యాలమ్మా, అన్నాను.
నాగమల్లీశ్వరి అప్పటికే పుస్తకంలో కొత్త గీత గీసి
కలం పట్టుకుని కూర్చుంది.
"ఏ వారమండీ?"